మావయ్యగారి ఐదున్నర శ్రుతి

మొన్న మంగళవారం పొద్దున్న నేను వంటింటి గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుకుంటూ ఉంటే, మా మేనల్లుడు, అంటే మా ఆడపడుచు కొడుకు, చెప్పులైనా విడవకుండా పెరటి దారిన వచ్చి, ఇంకా ప్రెస్సు వాసన పోని కాగితం ఒకటి నా ఒళ్లో పడేశాడు. వచ్చే కార్తీకంలో మా సమాజం వేయబోయే నాటకాల కరపత్రం అది, అచ్చు వెయ్యబోయే ముందు తప్పులు దిద్దుకోమని ప్రెస్సు వాళ్లు ఇచ్చిన నమూనా. ఐదు నాటకాలు, ఐదు ఊళ్లు. మా ఆమదాలవలసలో మొదలుపెట్టి శ్రీకాకుళం, కళింగపట్నం, శ్రీకూర్మం మీదుగా తిరిగి ఆఖరున విజయనగరంలో ముగింపు. ఈ రోజుల్లో పద్య నాటకం ఎవడు చూస్తాడ్రా అని ఊళ్లోవాళ్లు నవ్వుతూనే ఉంటారు, వీడు ఏటేటా వేస్తూనే ఉంటాడు, అదేం మొండితనమో గానీ అచ్చం వాళ్ల తాతగారిదే. కళ్లజోడు సర్దుకుని చూద్దును కదా, కాగితం పైభాగాన కిరీటం పెట్టుకున్న మా మావయ్యగారి ఫొటో, దాని కింద లావుపాటి అక్షరాల్లో "ఆఖరి నాటకం దాకా ఐదున్నర శ్రుతి దిగని మహానటుని స్మృతిలో" అని ఉంది. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

అంతటితో పోయిందా అంటే పోలేదు. మొదటి రోజు ప్రార్థన ఇదివరకటి మా పాత హార్మోనియం మీదే జరగాలట, కాలితో తొక్కి వాయించే ఆ పెద్ద పెట్టెని వేదిక మీద అందరికీ కనబడేలా పెడతారట, వాళ్ల కీబోర్డు వాయించే అమ్మాయి ఫోనులో ఏదో పెట్టి దాని శ్రుతీ దీని శ్రుతీ సరిచూసుకుంటుందట. "తాతయ్య ఐదున్నర ఎలాటిదో ఈ కాలం పిల్లలకి ఇనిపించాలి కదత్తా" అన్నాడు వాడు సంబరంగా. నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ పెట్టె మీద ఐదున్నర మెట్టు నొక్కితే ఐదున్నర పలకదు. ఆ సంగతి ఈ భూమ్మీద బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసని, ఆవేళ దాకా నేను నమ్ముతూ వచ్చాను.

నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, పక్కన కూర్చుని చదివే చిన్నవాళ్ల కోసం ఒక్క మాట చెప్తాను. శ్రుతి అంటే పాడేవాడు తన గొంతుని నిలబెట్టుకునే ఎత్తు. హార్మోనియం మీద ఒక్కో మెట్టుకి ఒక్కో అంకె, అంకె పెరిగినకొద్దీ గొంతు పైకెళ్లాలి. నాలుగులో పాడగలిగినవాడే మొనగాడు, ఐదులో పాడితే ఊరంతా చెప్పుకునేవారు, ఐదున్నర అంటే ఇక చెప్పేదేముంది. అప్పట్లో మా వైపు కరపత్రాల మీద నటుడి పేరు పక్కనే అతని శ్రుతి కూడా అచ్చు వేసే ఆచారం ఉండేది. రాజు వేషం ఫలానావారు, ఐదున్నర శ్రుతి. రాణి వేషం ఫలానావారు, ఐదు శ్రుతి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఎకరాలు అడిగినట్టు, నాటకం కట్టించుకోడానికి వచ్చిన ఊరిపెద్దలు ముందు శ్రుతి అడిగేవారు. అచ్చేసిన అంకె కన్నా అర దిగితే జనం ఊరుకునేవారా, చెప్పండి! పద్యంలో ఒక్క ముక్క అర్థం కాని రైతు కూడా శ్రుతి దిగితే కనిపెట్టేసేవాడు, కనీసం కనిపెట్టినట్టు కేకలేసేవాడు.

మా నాన్న కళింగపట్నం వైపు పేరున్న హార్మోనిస్టు. మగపిల్లలు లేక, ఉన్న విద్య నాకు నేర్పాడు. ఒకసారి మా ఊళ్లో నాటకమాడటానికి వచ్చిన సమాజం వాళ్లకి హార్మోనిస్టు జ్వరంతో పడిపోతే, నాన్న ఆరోజు ఊళ్లో లేక, పదిహేడేళ్లదాన్ని నేనే వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాను. రాజు వేషం వేసినాయన తెర వెనక నుంచి తొంగిచూసి, ఏటి ఈ పిల్లేటి వాయిస్తాదేటి అని ముందు గునిశారట. మర్నాడు పొద్దున్నే అదే మనిషి మా వీధి అరుగు మీద కూర్చుని, మా అబ్బాయికి మీ అమ్మాయినివ్వండి అని అడిగారు. ఆయనే మా మావయ్యగారు. మావారిని నేను చూసింది ఆ తర్వాత. మావారికి సంగీతమంటే ఈల వెయ్యడం కూడా రాదు, అప్పుడూ రాదు ఇప్పుడూ రాదు, బియ్యం మిల్లులో గుమస్తా పని చేసుకుంటూ, నువ్వూ మా అయ్యా చూసుకోండి ఆ గోలంతా అనేవారు. అలా నాన్న ఇచ్చిన పెట్టెతో సహా నేను మా సమాజానికి హార్మోనిస్టునయ్యాను. ఆడది హార్మోనియం తొక్కడమేమిటని మొదట్లో నోళ్లు నొక్కుకున్నవాళ్లే తర్వాత్తర్వాత నా కోసం గొడుగు పట్టి నిలబడ్డారు. సరే, అది వేరే కథ.

మావయ్యగారు ఏడాదిలో ఏడు నెలలు వ్యవసాయం, ఐదు నెలలు నాటకం. మడిలో ఎరువు మోసిన మనిషే సాయంత్రానికి ముఖానికి రంగేసుకుని కిరీటం పెట్టుకుంటే, నిజంగా రాజేనేమో అనిపించేది. మా నాటకాల్లో రాజు కోట విడిచి వెళ్లిపోతూ పాడే పద్యం ఒకటుండేది, మేమంతా దాన్ని కోట పద్యం అనేవాళ్లం. ఆఖరి పాదంలో గొంతు పై స్థాయికి ఎక్కి అక్కడే నిలబడిపోవాలి. ఆయన అక్కడ నిలబడితే నేను మెట్టు మీద వేలుంచి ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని, జనమూ అంతే. దిగగానే ఒన్స్‌మోర్! ఒక్కోసారి మూడేసి సార్లు పాడేవారు.

ఒక ఏడు ఆఖరి నాటకం విజయనగరంలో. విజయనగరం వాళ్ల సంగతి మీకు తెలుసు, అక్కడ తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్మేవాడికి కూడా రాగం పేరు తెలుస్తుంది. అక్కడ, ఆ కోట పద్యంలో, సరిగ్గా నిలబడాల్సిన చోట మావయ్యగారి గొంతు విరిగింది. నేను గబుక్కున మెట్లన్నీ నొక్కి కప్పిపుచ్చాను గానీ కప్పితే దాగుతుందా? ఎవరూ కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది, అంతమంది జనం ముందు వరసలోంచి చివరి వరస దాకా కిక్కురుమనకుండా కూర్చున్నారు. తెర పడ్డాక, కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటూ మావయ్యగారు ఎవరి వైపూ చూడకుండా అన్నారు: "ఐదున్నర దిగిన నాడు నేను ముఖానికి రంగెయ్యను. సెప్పేస్తన్నాను, అందరూ ఇనండి." మా అన్నయ్య, అంటే మా ఆడపడుచు భర్త, సమాజంలో తబలా ఆయనే, సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వానలు మొదలయ్యాక మావారు బలవంతం చేసి తండ్రిని శ్రీకాకుళం గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. వచ్చి నాతో ఒక్కదానితోనే చెప్పారు. గొంతు లోపల వాచిందట, ఆ ఎత్తులో ఇంకో ఏడాది పాడితే పాట సరే, మాట కూడా మిగలదన్నాడట. కొంచెం కిందికి దించి పాడుకోవచ్చు, లేదా మానెయ్యాలి. దించితే రంగెయ్యనని ఒట్టేసుకున్నారాయన. మానేస్తే ఏమౌతుందో మాకు తెలుసు; ఆ వానాకాలమంతా ఆయన అన్నం ముందు కూర్చుని వేళ్లతో మెతుకులు కెలికి లేచిపోవడం చూస్తూనే ఉన్నాం. పంచె నడుం దగ్గర రెండు చుట్లు వదులైపోయింది. ఈ మనిషి నాటకం లేకపోతే బతకడు, ఉంటే గొంతు దక్కదు. నేనేం చెయ్యాలి? ఇంట్లో గట్టిగా మాట్లాడ్డానికి అత్తగారైనా లేరు, ఆవిడ నేను రాకముందే పోయారు. మావయ్యగారితో, కొంచెం దించుకోండి అని అనడానికి నాకు నోరెక్కడిది? కోడల్ని, పైగా పాతికేళ్లదాన్ని.

మా పెట్టెని ఏటా వానలు తగ్గగానే విజయనగరంలో గంటస్తంభం దాపున ఉన్న మేస్త్రి కొట్టుకి పంపేవాళ్లం. లోపల చెమ్మ తుడిచి, గాలి తిత్తికి చిల్లులుంటే అతికి, రీడ్లు శుభ్రం చేసి వారంలో ఇచ్చేవాడాయన. రీడ్లంటే మెట్టు నొక్కినప్పుడు పలికే చిన్న ఇత్తడి నాలుకలు, లోపల చెక్కలో ఒక్కోదానికి ఒక్కో గడి ఉంటుంది. ఆ ఏడు కూడా మావయ్యగారే స్వయంగా పెట్టె రైల్లో తీసుకెళ్లి దించి వచ్చారు. మూడో రోజు నేను, మా పిన్నికి ఒంట్లో బాగులేదని అబద్ధమాడి, పాసింజరెక్కి విజయనగరం వెళ్లాను. నా జన్మలో ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. పిన్ని నిక్షేపంగా ఉంది, ఆవిడకి నేను వచ్చినట్టు కూడా తెలీదు.

మేస్త్రికి చెప్పేశాను. రీడ్లన్నిటినీ ఒక్క గడి పక్కకి జరపాలి. అలా జరిపితే ఐదున్నర మెట్టు నొక్కినప్పుడు ఐదు పలుకుతుంది, మావయ్యగారు ఐదున్నరలోనే పాడుతున్నాననుకుని ఐదులో పాడతారు, ఒట్టూ ఉంటుంది గొంతూ ఉంటుంది. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. మేస్త్రి నా ముఖం చూశాడు, విప్పి ఉన్న మా పెట్టె వైపు చూశాడు, ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. గెడ్డం గోక్కుని, సరేనమ్మా, మీరు సెప్పినట్టే సేస్తాను అన్నాడు. పనిముట్ల మీద చెయ్యేసి ఒట్టు పెట్టించుకుని మరీ వచ్చాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక మనిషి మాటని ఆయనకి తెలియకుండా తప్పించేస్తున్నానే అని దారి పొడుగునా ఏడ్చాను.

పెట్టె వచ్చింది. మర్నాడే కళింగపట్నంలో మొదటి నాటకం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మెట్టు నొక్కి చూద్దును కదా, నా ప్రాణం జారిపోయింది. ఒక గడి కాదు, రెండు గడులు దిగింది! ఐదున్నర మెట్టు మీద నాలుగున్నర పలుకుతోంది. ముసలాయన చెయ్యి జారిందనుకున్నాను, కళ్లు కనబడక రెండేసి గడులు జరిపేశాడనుకున్నాను, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను కూడా. అర దిగితే ఎవరూ పోల్చుకోలేరు, ఇంత దిగితే మావయ్యగారు పోల్చుకోరా? మళ్లీ విజయనగరం పరిగెత్తడానికి వ్యవధి ఎక్కడుంది?

కళింగపట్నంలో దీపాలు పెట్టే వేళకే జనం. వేట నుంచి వచ్చిన పడవలు ఒడ్డున లాగేసి, పిల్లాజెల్లాతో చాపలు పరుచుకు కూర్చున్నారు. మా అన్నయ్య తబలా తెచ్చి నా పక్కన పెట్టుకుని, శ్రుతియ్యమ్మా అన్నాడు. ఇచ్చాను. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి ఆగాడు. మళ్లీ ఇమ్మన్నాడు, ఇచ్చాను. నా వైపు తిరిగి, "ఏటమ్మా, పెట్టె ఇంతలా దిగిపోనాదేటి?" అన్నాడు మెల్లిగా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా తబలా కిందికి దించుకోవడం మొదలుపెట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు, కన్న కొడుక్కి కూడా చెప్పలేదు.

మావయ్యగారు వేదిక ఎక్కి, రోజూలాగే పెట్టె వైపు తల తిప్పి చెవి ఒగ్గారు. నేను ఐదున్నర మెట్టు నొక్కాను. ఒక్క క్షణం ఆయన నా వేలు వైపు చూశారు. నా కాళ్లు తొక్కడం మానేశాయేమో అనుకున్నాను. అంతలోనే ఎత్తుకున్నారు. ఆ తర్వాత ఏం చెప్పను! కోట పద్యంలో ఆఖరి పాదం దగ్గరకొచ్చేసరికి నేను దణ్ణాలు పెట్టని దేవుడు లేడు. గొంతు ఎక్కింది, ఎక్కి నిలబడింది, నిలబడి ఆ ఎత్తులో ఇటూ అటూ తిరిగింది కూడా. అన్నేళ్లూ ఆ చోట ఆయన అరిచేవారనీ, ఆవేళ పాడారనీ నాకు అప్పుడర్థమైంది. జనం లేచి నిలబడి ఒన్స్‌మోరన్నారు. ముందు వరసలో ఒక ముసలామె, "బాబూ, ఆ కోట ఇడిసి ఎల్లిపోకు బాబూ" అని ఏడుపు లంకించుకుంది. అమ్మయ్య అని నేను వదిలిన ఊపిరికి పెట్టె మీద పూలదండ కదిలిందేమో! తమాషా ఏమిటంటే, పెట్టె దిగేసరికి అందరి గొంతులూ తేలికపడ్డాయి. రాణి వేషమావిడ ఈ ఏడు మిరియాల కషాయం బాగా పనిచేసిందంది, మంత్రి వేషమాయన పొగాకు మానేసిన ఫలితమన్నాడు. నేను నవ్వాపుకోలేక పెట్టె వెనక్కి వంగిపోయాను.

ఆ తర్వాత మరో ఏడేళ్లు ఆయన రాజు వేషం వేశారు. ఏటేటా కరపత్రం మీద ఐదున్నర అని అచ్చవుతూనే ఉంది. నాకు మాత్రం భయం తీరేది కాదు. ఇంట్లో సాధకానికి ఆయన వాడే చిన్న శ్రుతిపెట్టె ఒకటుండేది, దానికీ దీనికీ తేడా తెలిసిపోతుందని బెంగపడ్డాను. ఆ ఏడాది నుంచే ఆయన దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించారు. వయసైపోయింది కదా, సాధకం దేనికి అన్నారు. నా అదృష్టం అనుకున్నాను. ఒకసారి శ్రీకూర్మం వెళ్తే, కూర్మనాథుడి దర్శనమయ్యాక భజన వాళ్లు చుట్టుముట్టి పద్యం పాడమన్నారు. వాళ్ల హార్మోనియం నిఖార్సైన శ్రుతిలో ఉంది. "ఈయాల దేముడి సన్నిధిలో నా పాటెందుకు, మీరు పాడండి, ఇంటాను" అని ఆయన స్తంభానికి చేరబడి కూర్చుండిపోయారు. అదీ నా అదృష్టమే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, నా అంత తెలివితక్కువది ఇంకోర్తి ఉంటుందా అనిపిస్తుంది.

చివరికి మోకాళ్లు సహకరించక నాటకం మానేశారు, గొంతు పోయి కాదు. ఆ తృప్తితోనే వెళ్లారు. పోయే ముందు వానాకాలం ఒకరోజు, నేను గంజి తీసుకెళ్తే నా చెయ్యి పట్టుకుని, "నీ సెయ్యి సల్లగుండ, అమ్మాయ్. నా శ్రుతి నువ్వే కాసేవు" అన్నారు. ఆ మాటకి ఎవరైనా పొంగిపోతారు. నేను మాత్రం గంజి గిన్నె అక్కడ పెట్టి తల దించుకున్నాను. చెప్పేద్దామా అనుకున్నాను, చెప్పలేకపోయాను. ఆయన పోయాక సమాజానికి కొత్త పెట్టె వచ్చింది, తర్వాత కీబోర్డులొచ్చాయి, పాతది మా ముందుగదిలో దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

అదండీ సంగతి. ఇప్పుడు ఫోనులో పెట్టి చూస్తారట! ఐదు ఊళ్ల జనం ముందు మావయ్యగారు దొంగ శ్రుతిలో పాడారని తేలుతుంది, నేను చేసిన పనికి పోయిన మనిషి నవ్వులపాలవుతారు. పెట్టె విజయనగరం తీసుకెళ్లి బాగుచేయిస్తానని మేనల్లుడు అనగానే, నేనూ వస్తానన్నాను. నీ మోకాళ్లతో రైలెందుకత్తా అన్నాడు. నా పెట్టెరా, నేను రాకపోతే ఎలా అని గదమాయించి బయలుదేరాను. ఎవరి ఫోనూ దాని దగ్గరికి రాకముందే గడులు వెనక్కి జరిపించెయ్యాలని నా ఆలోచన. అదే స్టేషను, అదే దారి, అదే అబద్ధాలు. డెబ్భై దాటాక కూడా బుద్ధి రాలేదు చూడండి.

గంటస్తంభం దగ్గర కొట్టు ఉంది గానీ సగం మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మేస్త్రి ఎప్పుడో పోయాడు, కొడుకే ఇప్పుడు మేస్త్రి, అతనికీ తల నెరిసింది. మేనల్లుణ్ణి టీ తాగి రమ్మని పంపేసి, కొడుకు మేస్త్రి దగ్గర ముక్కలు ముక్కలుగా, తల దించుకుని, చేసిన తప్పంతా చెప్పుకున్నాను. అతను మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వుతావేంటయ్యా అన్నాను.

"మీకు ఇంతవరకూ తెలీదేటమ్మా?" అని అతను మరలు విప్పి, రీడ్ల చెక్క బయటికి లాగి, కిటికీ వెలుతుర్లో అడుగుభాగం నాకు చూపించాడు. ఆ కొట్టు పద్ధతేమిటంటే, రీడ్లు జరిపినప్పుడల్లా ఎవరు జరపమన్నారో చెక్క అడుగున పెన్సిలుతో రాసుకుంటారట, మళ్లీ సరిచెయ్యమని వచ్చినప్పుడు తికమక పడకుండా. నలభై ఏళ్ల నాటి పెన్సిలు, మాసిపోయింది గానీ చదవొచ్చు. పైన ఒక గీత, దాని పక్కన "మావగారు, ఒక గడి" అని ఉంది. దాని కింద ఇంకో గీత, పక్కన "కోడలుగారు, ఒక గడి" అని.

నేను పైది మూడు సార్లు చదివాను.

పెట్టె దించడానికి వచ్చిన రోజునే మావయ్యగారు అడిగారట, ఒక్క గడి జరిపెయ్యమని. నేను వెళ్లేటప్పటికే ఆ పని అయిపోయింది. "మా కోడలికి మాత్రం తెలియనియ్యకు. నా గొంతు మీద దానికి నాకన్నా నమ్మకం. దిగిందని తెలిస్తే ఆ పిల్ల మనసు ఇరిగిపోతాది" అన్నారట. పనిముట్ల మీద ఒట్టు కూడా వేయించారట. మూడో రోజు నేను వెళ్లి అదే పని అడిగి అదే ఒట్టు వేయించేసరికి, పాపం ఆ మేస్త్రి ఎవరికీ చెప్పలేక, ఎవరి పనీ కాదనలేక, రెండూ చేసేశాడు. ఇద్దరూ ఒట్టేయించుకున్నారు, నేనేటి సేస్తానురా అని కొడుకు దగ్గర చాలా ఏళ్లు నవ్వుకున్నాడట. మరుసటి ఏడు పెట్టె తెచ్చినప్పుడు మావయ్యగారు, నేనొకటంటే నువ్వు రెండు జరిపేవేటి అని నిలదీశారట. సెయ్యి జారింది బాబూ అన్నాడట మేస్త్రి. జారితే జారిందిలే, మంచికే జారింది, అలాగే ఉంచీ అన్నారట మా మావయ్యగారు.

నేను ఆ కొట్టు బల్ల మీద కూర్చుండిపోయి, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అటక ఎక్కిన శ్రుతిపెట్టె, శ్రీకూర్మంలో చేరబడిన స్తంభం, నా వేలు వైపు చూసిన ఆ చూపు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నలభై ఏళ్లుగా గుండె మీద మోస్తున్న బరువు దిగిపోయిందంటే నమ్మండి. నేనాయన మాట తప్పించలేదు. ఆయన మాట ఆయనే, నాకంటే రెండు రోజుల ముందు, తనంతట తాను వెనక్కి తీసుకున్నారు. అమ్మయ్య! అంత హాయిగా నేను ఊపిరి తీసుకుని ఎన్నాళ్లైందో.

టీ తాగి వచ్చిన మేనల్లుడు, నా వాలకం చూసి కంగారుపడ్డాడు. వాడికీ చెక్క చూపించి అంతా చెప్పేశాను. వాడు చెక్క అటూ ఇటూ తిప్పి చూసి, మరి కరపత్రం మీద ఐదున్నర అంటే అబద్ధం కాదేటత్తా అన్నాడు. ఆ పంక్తి కొట్టేయించు, ఆయన ఫొటో చాలు, పేరు చాలు అన్నాను. జేబులోంచి పెన్ను తీసి నా ముందే కొట్టేశాడు.

మీకో సంగతి చెప్పనా? ఈ ఏడు రాజు వేషం ఒక ఆడపిల్ల వేస్తోంది. కిందటి నెల రిహార్సల్లో ఆ పిల్ల కోట పద్యం మధ్యలో ఆగి, గొంతు బాగులేదండీ, కొంచెం దించండి అంది, అందరి ముందూ, మంచినీళ్లు అడిగినట్టు. కీబోర్డు పిల్ల ఏదో మీట నొక్కింది, శ్రుతి దిగింది, పద్యం సాగింది. ఎవరి పరువూ పోలేదు. అది చూసి ఆవేళ నేను మూతి ముడిచాను, ఇదేం శ్రద్ధ అని. ఇప్పుడు మాత్రం ఆ పిల్లని చూస్తే ముచ్చటేస్తోంది, కొంచెం కుళ్లుగానూ ఉంది. ఆ ఒక్క మాట నోటితో అనలేకే కదా, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, మావగారూ కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు రైలెక్కి ఒకే కొట్టుకి వెళ్లాం. ఇప్పటివాళ్లకి అంత దాపరికం అక్కర్లేదు. అక్కర్లేకపోవడమే మంచిది. కానీ ఒకరి గొంతు కోసం ఒకరు దొంగగా రైలెక్కడం కూడా, దాంతో పాటే పోయిందేమో.

రెండు గడులూ వెనక్కి జరిపెయ్యనా అమ్మా, కొత్తదానిలా ఐదున్నర పలికిస్తాను అని మేస్త్రి అడిగాడు.

నాది తీసెయ్యి నాయనా, ఆయనది ఉండనీ అన్నాను.